నేను తీసేసిన తొంభై సెకన్లు

మీటింగ్ గదిలో తెర మీద నల్లమచ్చల ఆవు బొమ్మ కనిపించగానే అందరూ నవ్వారు. మా మేనేజరు కూడా నవ్వుతూనే, "బ్యాంకుల పని అయిపోయిందండీ, ఇప్పుడు పశువుల పని వచ్చింది. ఎవరు చేస్తారు?" అని అడిగాడు. ఆయనది విజయవాడ వైపు. చిన్నా పెద్దా అందరినీ మీరు అనే పిలుస్తాడు.

అమెరికాలో ఒక కంపెనీ పాలు పితికే యంత్రాలు తయారుచేస్తుంది. ఆ యంత్రాలను నడిపించే సాఫ్ట్‌వేర్‌ని ఇన్నేళ్లూ అక్కడి ఇంజినీర్లే రాసుకున్నారు. ఇప్పుడా పనంతా హైదరాబాద్‌కు పంపేస్తున్నారు. అక్కడ ఆరుగురు చేసే పనిని ఇక్కడ నలుగురం చేయాలి. ఆ ఆరుగురి ఉద్యోగాలూ పోతాయి. మేనేజరు ఈ సంగతి దాచలేదు, అలాగని దాని మీద ఎక్కువసేపు మాట్లాడనూ లేదు.

ఎవరూ చెయ్యెత్తలేదు. రెజ్యూమేలో బ్యాంకు పేరుంటే బాగుంటుంది కానీ ఆవు ఉంటే ఏం బాగుంటుంది? నేను ఎత్తాను.

"మీకేమైనా అనుభవం ఉందా?"

"మా ఇంట్ల ఏడు బర్రెలున్నయి సార్."

మళ్లీ నవ్వారు. నేను మాత్రం నవ్వులాటకు చెప్పలేదు. మా ఇల్లు లాల్‌దర్వాజాలో, అమ్మవారి గుడికి రెండు సందులు అవతల. ముందు గదిలో పాలు, పెరుగు అమ్మే కొట్టు. వెనక రేకుల కొట్టం. తాతల నాటి నుంచీ అదే బతుకు. బాపు, చిన్నాయన పాలు పిండుతారు. అమ్మ కొట్లో కూర్చుంటుంది. బడికి వెళ్లేటప్పటి నుంచీ నా పని ఇళ్లకు పాలు పోసి రావడం. గిన్నెలోకి పడే ధార చూసి నీళ్లు కలిశాయో లేదో చెప్పగలను. ఏ బర్రె ఈనబోతోందో, ఏది మేత ముట్టడం లేదో కొట్టంలోకి అడుగుపెట్టగానే తెలిసిపోయేది. అందుకే ఆ రోజు ఆ ప్రాజెక్టు నాకోసమే వచ్చిందని అనుకున్నాను. ఒక్కటే లోటు. పాలు పిండటం నేనెప్పుడూ చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు. దాన్నొక లోటుగా అప్పట్లో లెక్కపెట్టనూ లేదు.

ఇంట్లో చెబితే బాపు కాసేపు నా ముఖంలోకి చూశాడు.

"ఇంజినీరింగు చదివి మళ్ల బర్రెల కాడికే వస్తివా బిడ్డా?"

"బర్రెలు గావు బాపూ, ఆవులు. అవి కూడా అమెరికల ఉన్నయి."

"అయితే ఇంకా మంచిదే. పెండ ఎత్తే పని లేదు," అన్నాడు.

వెళ్లిపోయేవాళ్లు వచ్చేవాళ్లకు పని నేర్పడాన్ని మా ఆఫీసుల్లో కేటీ అంటారు. మాకు నేర్పడానికి ఒప్పుకున్నది ఆ ఆరుగురిలో ఒక్కావిడే. మిగిలినవాళ్లు కాగితాలు పంపి ఊరుకున్నారు. ఆవిడకు యాభై అయిదేళ్లుంటాయి. కత్తిరించిన నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఆ కంపెనీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. యంత్రం ఎప్పుడు ఆవును వదలాలి, ఎప్పుడు పట్టుకుని ఉండాలి అని నిర్ణయించే భాగమంతా ఆవిడ చేతి మీదుగానే వచ్చింది. రోజూ మాకు సాయంత్రం ఆరున్నరకు, అంటే ఆవిడకు పొద్దున్నే, తెర ముందు కూర్చునేవాళ్లం. ఆరు వారాలు.

ఆవిడ ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. ఒక్కసారీ గొంతు పెంచలేదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేది. అడగనిది మాత్రం చెప్పేది కాదు. నేను ముందురోజే ప్రశ్నలన్నీ జాబితాగా రాసి పంపేదాన్ని. ఆవిడ ఒకటో ప్రశ్న, రెండో ప్రశ్న అంటూ వరసగా చెప్పుకుంటూ పోయేది. మూడో వారంలో ఒకరోజు మిగతా ముగ్గురూ రాలేదు, నేనొక్కదాన్నే ఉన్నాను. ఉండబట్టలేక, "ఇది అయిపోయాక మీరేం చేస్తారు?" అని అడిగాను.

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"ఆ ప్రశ్న మీ జాబితాలో ఉందా?"

"లేదు."

"అయితే తర్వాతి ప్రశ్న."

ఆ రాత్రి మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్ దాకా అదే ఆలోచించుకుంటూ వచ్చాను. ఆవిడను పంపిస్తున్నది నేను కాదు. మా ఇద్దరితోనూ ఎప్పుడూ మాట్లాడని పెద్దవాళ్లెవరో ఆ నిర్ణయం చేశారు. ఆ పని నాకు చేతనవుతుంది కాబట్టే నా దగ్గరికి వచ్చింది. ఇదంతా నిజమే. కానీ రోజూ ఆరున్నరకు ఆవిడ ముఖం చూడాల్సింది మాత్రం నేనే. ఆవిడ చూడాల్సింది నా ముఖమే.

కోడ్‌లో ఒకచోట చిన్న భాగం ఉంది. దానికి ఆవిడ పెట్టిన పేరు ఇంగ్లీషులో అలక అనే అర్థం వచ్చే మాట. పైన ఒకే ఒక్క వాక్యం రాసి ఉంది, దీన్ని ముట్టుకోవద్దని. ఆవు పాలు తగ్గగానే యంత్రం దానంతటదే గొట్టాలు ఊడదీస్తుంది. ఈ భాగం పనిచేస్తే మాత్రం ఊడదీయకుండా, గుంజటం తగ్గించి, మరో తొంభై సెకన్లు ఊరికే పట్టుకుని ఆగుతుంది. కొత్త పనివాడు తన పేరుతో యంత్రాన్ని తెరిచిన రోజు నుంచి ఐదు రోజుల దాకా ఇలా జరుగుతుంది.

"ఇది ఏం చేస్తుంది?" అని జాబితాలో రాశాను.

"ఆగుతుంది," అని చెప్పి ఆవిడ తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

చివరి రోజు మేము నలుగురం థాంక్స్ చెప్పాం. "యంత్రాన్ని జాగ్రత్తగా చూసుకోండి," అని చెప్పి ఆవిడ తెర ఆపేసింది.

మూడో నెలలో ఆ అలకను తీసేశాను. గుడ్డిగా ఏం తీయలేదు. కంపెనీవాళ్ల సొంత ఆవుల ఫారంలో ఆరు నెలల లెక్కలు తెప్పించి, అది ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎలా ఉంటుందో పోల్చి చూశాను. తేడా ఏమీ కనిపించలేదు. పాలు రాని గొట్టాలు పొదుగుకు వేలాడుతుంటే చన్నులకు మంచిది కాదని చదివాను కూడా. పైగా ఒక్కో ఆవు దగ్గర తొంభై సెకన్లంటే వందల ఆవులున్న ఫారంలో ఎంత సమయమో ఆలోచించండి. అమెరికా వైపు మేనేజర్లు చాలా సంతోషించారు. మా మేనేజరు అందరి ముందూ నన్ను నిలబెట్టి మెచ్చుకున్నాడు. పశువుల ప్రాజెక్టని నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. నేను దర్జాగా అందుకున్నాను. అంత పని చేశానని నమ్మకం నాకు.

నెల తిరక్కుండా ఒక ఫారం నుంచి ఫిర్యాదు వచ్చింది. మూడొందల ఆవులున్న ఫారం. పాలు తగ్గిపోయాయి, పైగా కొన్ని ఆవులకు పొదుగులు వాచి గట్టిపడ్డాయి. పొదుగులో పాలు మిగిలిపోతే అలాగే అవుతుంది, అంతవరకు నాకు తెలుసు. కానీ యంత్రం లెక్కల ప్రకారం ప్రతి ఆవూ పూర్తిగా పాలిచ్చింది. ధార తగ్గగానే గొట్టాలు ఊడాయి. ఎక్కడా తప్పు లేదు. ఫారం యజమాని మాతో ఫోన్లో మాట్లాడాడు. కోప్పడలేదు కానీ గొంతులో అలసట తెలుస్తోంది.

"మీరు ఏదైనా మార్చారా?" అని అడిగాడు.

"మీ దగ్గర ఏదైనా మారిందా?" అని నేనడిగాను.

"పాత పనివాళ్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లు వచ్చి వారమైంది. మంచివాళ్లే, ఆవులను కొట్టరు, తిట్టరు."

కొత్తవాళ్లు అనగానే నాకు ఆ ముక్క గుర్తొచ్చింది. అలక పనిచేయాల్సింది సరిగ్గా అలాంటప్పుడే. నేను లెక్కలు తెప్పించిన కంపెనీ ఫారంలో ఆ ఆరు నెలలూ ఒక్క పనివాడూ మారలేదు. అందుకే తేడా కనిపించలేదు. తీసేసిన ముక్కను ఆ సాయంత్రమే తిరిగి పెట్టి పంపించాను. కానీ అది ఎందుకు అవసరమో, కొత్త మనిషికీ తొంభై సెకన్లకూ సంబంధమేమిటో నాకు ఇంకా అర్థం కాలేదు. అర్థం కాకుండా దాన్ని తీసినట్టే, అర్థం కాకుండా పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి బాపు పాలు పిండటానికి కొట్టంలోకి వెళ్తుంటే వెనకాలే వెళ్లాను.

"బాపూ, కొత్త మనిషి పిండితే బర్రె ఏం చేస్తది?"

"ఏం చేస్తది? సేపదు."

"సేపకపోతే?"

"సేపకపోతే పాలు రావు. గదేం అడుగుడు?" అని, నా ముఖం చూసి బకెట్టు నా చేతిలో పెట్టాడు. "చెప్తె తెల్వది. కూసో."

మా కొట్టంలో అన్నిటికంటే నెమ్మదైన బర్రె అది. దానికి చిన్నప్పటి నుంచీ నేనే దాణా పెట్టాను. నన్ను చూస్తే మూతి చాపుతుంది. బాపు పొదుగు కడిగి, దూడను ఒక నిమిషం తాగనిచ్చి పక్కన కట్టేశాడు. దూడ తాగుతున్నంతసేపూ పాలు దిగాయి. నేను మోకాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని చేయి వేశాను. రెండు ధారలు పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. పొదుగు నిండుగానే ఉంది, నా వేళ్లకు తెలుస్తోంది. పాలు మాత్రం రావడం లేదు.

"అయిపోయినయా?" అన్నాను.

"ఎక్కడివి అయిపోయినయి? పైకి గుంజుకున్నది. నీ చెయ్యి దానికి కొత్త."

"నేనే గదా దీనికి రోజూ దాణా పెట్టేది!"

"దాణా పెట్టే చెయ్యి వేరు. ఆగు. పిసకకు, గుంజకు. చెయ్యి గట్లనే ఉంచు."

ఉంచాను. బాపు వచ్చి బర్రె నడుము మీద తన చేయి వేసి ఊరికే నిలబడ్డాడు. అమ్మ కొట్లోంచి ఎవరితోనో దక్నీ ఉర్దూలో మాట్లాడుతోంది, పెరుగు ఆధా కిలోనా, పావు కిలోనా అని. నేను మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. యాభై, అరవై. లేచిపోదామనిపించింది. ఎనభై దాటాక నా వేళ్ల కింద పొదుగు మెత్తబడింది. ఏదో లోపల్నించి దిగుతున్నట్టు తెలిసింది. మళ్లీ నొక్కితే ధార బకెట్టు అడుగున గట్టిగా చప్పుడు చేసింది. నురగ కట్టేదాకా పిండాను. చేతులు నొప్పులు పుట్టాయి. నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఎన్ని రోజులు గిట్ల చేస్తది బాపూ?"

"నాలుగు దినాలు, ఐదు దినాలు. ఇంక నీ చెయ్యి గుర్తు పడుతది. ఎందుకు, రేపటి సంది నువ్వే పిండుతవా ఏంది?"

ఆవిడ కోడ్‌లో ఉన్నవీ ఐదు రోజులే.

సోమవారం మేనేజరు గదికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన తలుపు వేసి, "చూడండి, సరిచేసేశారు కదా. అరుదుగా వచ్చే సమస్య, పరిష్కరించామని రాసేద్దాం. మీ పేరెందుకు మధ్యలో?" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు, అది నాకు తెలుసు.

"సార్, అందుల ఇట్లాంటివి ఇంకా నలభై దాకా ఉన్నయి. ముట్టుకోవద్దని రాసినవి, ఏం రాయకుండనే వదిలేసినవి. ఒక్కొక్కటి తీసి ఆవులకు రోగం తెచ్చుకుంట నేర్చుకుందామా? ఆమెను మళ్ల పిలిపియ్యుండ్రి."

"పంపించేసినవాళ్లను ఎవరైనా మళ్లీ పిలుస్తారా?"

"పిలవమని నేను రాస్త. మీరు కాదనకుంటే చాలు."

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, "రాయండి," అన్నాడు.

రాశాను. ఏం తీశానో, ఎందుకు తీశానో, ఎన్ని ఆవులకు పొదుగు వాచిందో, నాకేం తెలియదో అన్నీ ఉన్నదున్నట్టు రాసి అటువైపు పెద్దలకు పంపాను. నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ పని మా నలుగురిలో నాకంటే బాగా ఎవరికీ రాదనీ, తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఆ పని నా చేతిలోంచి పోదనీ నాకు గట్టి నమ్మకం. పది రోజులు జవాబు లేదు. తర్వాత, ఆవిడతో మీరే మాట్లాడి ఒప్పించండని ఒక ఫోన్ నంబరు పంపారు.

ఫోన్ ఎత్తగానే ఆవిడ నా గొంతు గుర్తుపట్టింది. "ఏది తీశారు?"

"అలక."

"ఎన్నో నెలలో?"

"మూడో నెలలో."

"ఆరో నెలలో అనుకున్నాను. మీరు నేననుకున్నదానికంటే చురుకు."

జరిగిందంతా చెప్పాను. పొదుగులు వాచాయనగానే "ఎన్ని?" అంది. చెప్పాను. వాటిలో రెంటికి పొదుగులో ఒక భాగం ఎండిపోయిందనీ చెప్పాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు మీరు?" అని అడిగాను. గొంతులో కోపం లేకుండా అడగాలనుకున్నాను కానీ, వచ్చేసింది.

"ఏం చేస్తుందని అడిగారు. ఎందుకని అడగలేదు." మళ్లీ తనే, "అది సాకు. నాకు చెప్పబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్లు చేసిన పనిని ఆరు వారాల్లో అప్పగించమన్నారు. వాళ్ల మీద కోపం మీ మీద చూపించాను. ఆవులకు జరిగినదానికి మాత్రం సిగ్గుగా ఉంది," అంది.

"తీసింది నేను."

"అవును, మీరే. ఇద్దరం పంచుకుందాం."

మా ఇంట్లో బర్రె పాలు పైకి ఎలా గుంజుకుందో, బాపు ఎలా ఆగమన్నాడో చెప్పాను. మొదటిసారి ఆవిడ నవ్వడం విన్నాను. తన చిన్నప్పుడు తాతగారి కొట్టంలో ఒక ఆవు, తాతగారికి చేయి విరిగిన వారం రోజులూ ఎవరికీ పాలివ్వలేదట. ఆ అలక అక్కణ్ణించే వచ్చింది. "మీ నాన్నగారితో మాట్లాడించండి, అప్పుడు మళ్లీ రావడానికి ఒప్పుకుంటాను," అంది. తమాషాకి అందనుకున్నాను. కానీ నిజంగానే అడిగింది.

ఒక సాయంత్రం కొట్టంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఇద్దరికీ మధ్యలో మాటలు మోశాను. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఆడ ఒక్క ఆవు పూటకు ఎన్ని లీటర్లిస్తదో అడుగు."

అడిగాను. ఆవిడ చెప్పిన లెక్క విని బాపు నమ్మలేదు. "అబద్ధం! పెద్దమనిషి గదా, గట్ల చెప్పొద్దని చెప్పు," అన్నాడు. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పలేదు. బర్రె చేపుకొచ్చిందని, అంటే పొదుగులోకి పాలు దించిందని, ధార పడకముందే ఎలా తెలుస్తుందని ఆవిడ అడిగింది. బాపు పక్కనున్న బర్రె వైపు చూసి, "చెవులు జారేస్తది. నెమరు మొదలు పెడుతది. అప్పుడు చెయ్యి వెయ్యాలె," అన్నాడు. ఆవిడ అది రాసుకుంది. చేపు అనే మాటను రెండు మూడుసార్లు పలకడం నేర్చుకుంది.

ఆవిడ నాలుగు నెలలు పనిచేసింది, వారానికి రెండు రోజులు, తను చెప్పిన షరతుల మీద. ఈసారి జాబితా లేదు. ఒక్కో ముక్క తీసుకుని అది ఏ ఫారంలో, ఏ ఆవు వల్ల, ఏ తప్పు జరిగాక పుట్టిందో చెప్పేది. నేను రాసుకునేదాన్ని. నలభై మూడు కథలయ్యాయి. వాటిలో అయిదింటిని ఇద్దరం కలిసి తీసేశాం, ఎందుకంటే ఇప్పటి యంత్రాలకు వాటితో పని లేదు. ఆ నాలుగు నెలల తర్వాత ఆవిడ పాత ఉద్యోగం తిరిగి ఇస్తామని ఎవరూ అనలేదు, ఆవిడా అడగలేదు. వాళ్ల ఊరి దగ్గర పాడి పనులు నేర్పే చిన్న కాలేజీలో చేరింది.

ఆ తర్వాత మా బృందం తొమ్మిది మందికి పెరిగింది. మొదట్లో ఏం చేయాలో అటువైపు నుంచి చెప్పేవాళ్లు, మేము చేసేవాళ్లం. ఇప్పుడు ఏం చేయాలో ఇక్కడే నిర్ణయిస్తాం. పశువైద్యం చదివిన అమ్మాయిని బృందంలోకి తీసుకోవాలని పట్టుబట్టి తీసుకున్నాను. సాఫ్ట్‌వేర్ కంపెనీకి పశువుల డాక్టరెందుకని అడిగినవాళ్లకు జవాబు చెప్పడం నాకిప్పుడు చాలా సులువు. కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలోనే మా ఇంటికి తీసుకొస్తాను. బాపు వాళ్లకు బకెట్టు ఇస్తాడు. ఇంతవరకు ఎవరికీ మొదటి రోజు అర లీటరు మించి రాలేదు.

పోయిన చలికాలంలో ఆవిడ ఫోన్ చేసి, తన క్లాసు పిల్లలకు యంత్రం ఎలా ఆలోచిస్తుందో నన్ను చెప్పమంది. సాయంత్రం ఆఫీసు గదిలో తెర ముందు కూర్చున్నాను. అటువైపు ఇరవై మంది దాకా ఉన్నారు. చాలామంది పొద్దున్నే ఫారం పని ముగించుకుని అవే రబ్బరు బూట్లతో వచ్చినట్టున్నారు. నలభై నిమిషాలు చెప్పాను. మంచి ప్రశ్నలు అడిగారు. చివర్లో వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మా టీచర్ ఉద్యోగం తీసుకుంది మీరేనా?"

అటువైపు తెర పక్కన కూర్చున్న ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని నావైపు చూసింది, ఏం చెబుతానో అని.

"అవును, నేనే. ఆమె కంపెనీ ఆ ఉద్యోగం తీసింది, నాకిచ్చింది, నేను తీసుకున్నాను. ఆ పని ఎలా చేయాలో మాత్రం తర్వాత మీ టీచర్ నేర్పితేనే వచ్చింది," అన్నాను.

ఆ అమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ తలూపి, "నిజమే చెప్పింది. ఇంకా ప్రశ్నలున్నాయా?" అంది. ముందు వరసలోంచి ఒకతను, ఎండాకాలంలో ఆవు ఆలస్యంగా చేపితే యంత్రానికి ఎలా తెలుస్తుందని అడిగాడు. నేను కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాను.